దిగేదాకా ఒక లెక్క, దిగినంక ఒక లెక్క: పాలమూరు నుంచి వియత్నాం, నా అనుభవం

తలకు 50,365 రూపాయలు. నవంబరు 27 రాత్రి మహబూబ్‌నగర్‌లో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి, డిసెంబరు 6 అర్ధరాత్రి దాటాక మళ్లీ తాళం తీసేదాకా నాకూ మా బావమరిదికీ చెరొకరికి అయిన ఖర్చు ఇది. ఇందులో 30,980 వియత్నాంలో ఒక్క పూట కూడా తినకముందే అయిపోయింది. "ఆ దేశం మస్తు సస్తా అంట కదా" అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ రెండో అంకెనే చెప్తున్నాను.

2025 ఆగస్టు 10, ఆదివారం మొదలుపెట్టాం. ఒక నోట్‌బుక్కు, దేశానికో పేజీ, పేజీ నడిమిట్ల ఒక గీత. ఎడమవైపు ‘దిగేదాకా’: విమానం టికెట్, వీసా, బ్యాగు చార్జీ, ఇన్సూరెన్సు, శంషాబాద్ దాకా బండి. కుడివైపు ‘దిగినంక’: రూము, తిండి, ఊళ్లో తిరుగుడు, చూసే చోట్ల టికెట్లు. వీడియోలన్నీ కుడివైపు లెక్కే చెప్తాయి. రోజుకు రెండు వేలతో వియత్నాం అన్నది అబద్ధం కాదు. కానీ నాలుగు రోజులకే పోయొస్తే కుడివైపు ఎనిమిది వేలు, ఎడమవైపు ముప్పై వేలు పడుతుంది. అప్పుడు ఆ దేశం సస్తా ఎట్లా అయితది? నాలుగైదు రోజులకైతే టికెట్ తక్కువున్న దేశం చూసుకోవాలి. వారం దాటితేనే తిండీ రూమూ తక్కువున్న దేశం పనికొస్తుంది.

మాకు దొరికేవి తొమ్మిది రోజులు. నవంబరు చివర, డిసెంబరు మొదలు అనుకున్నాం. దీపావళి అయిపోయి క్రిస్మస్ రద్దీ మొదలవకముందు టికెట్లు కాస్త దిగుతాయి.

నేపాల్ పేజీ ముందు రాశాం. వీసా లేదు, ఓటరు కార్డు ఉన్నా చాలు. (విమానంలో పోతే పెద్దవాళ్లకు ఆధార్ చెల్లదు. అది ఒక్కటే పట్టుకుని పోవద్దు.) కుడివైపు అంకె అన్నిటికంటే చిన్నది. ఎడమవైపే దెబ్బ పడింది: ఢిల్లీ మీదుగా తిరిగి పోవాలి, రానూపోనూ టికెట్ మేం చూసిన వారం బ్యాంకాక్ డైరెక్టు టికెట్‌కు రెండు వేలు ఎక్కువే ఉంది. అయినా ఉంచాం. సెప్టెంబరు 9న కాఠ్మాండులో గొడవలు పెరిగి విమానాశ్రయమే మూసేశారు. ఆ రాత్రి ఆ పేజీ కొట్టేశాం.

భూటాన్‌లో మనవాళ్లు తలకు రాత్రికి 1,200 రూపాయల అభివృద్ధి రుసుము కట్టాలి. ఏడు రాత్రులకు 8,400. రూము, తిండి, గైడు దానిపైన. బాలికి వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రుపియా, దీవిలో అడుగుపెట్టినందుకు ఇంకో లక్షన్నర రుపియా, రెండూ కలిపితే మన పైసల్లో మూడున్నర వేలు. తిండి చవకే, టికెట్ మాత్రం కాదు. కజఖ్‌స్తాన్‌కు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. కానీ నవంబరు చివర ఆల్మటీ అంటే మంచు. ఇద్దరికీ జాకెట్లు, బూట్లు కొనే ఖర్చు ఏ వీడియోలోనూ రాదు. ఎండాకాలంలో నలభై మూడు డిగ్రీలు చూసే మాకు ఇంట్లో ఉన్నవి రెండు పల్చటి స్వెటర్లు.

శ్రీలంక మా ఇద్దరికీ ఇష్టమే. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం, దగ్గర, మన తిండికి దగ్గరి తిండి. నవంబరు అక్కడ వానల నెల అని తెలిసి పక్కన పెట్టాం. మేం బయల్దేరిన మర్నాడే, నవంబరు 28న దిత్వా తుపాను ఆ దేశాన్ని ముంచేసింది. ఆ వార్త కౌలాలంపూర్‌లో ఫోన్‌లో చూసి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. సీజన్ చూడకుండా రేటు ఒక్కటే చూస్తే ఏమైతదో దీనికంటే వేరే చెప్పక్కర్లేదు.

మిగిలింది థాయిలాండ్, మలేసియా, వియత్నాం. నిజాయితీగా చెప్పాలంటే ఎడమవైపు లెక్కలో థాయిలాండే గెలిచింది: నేరుగా విమానం, అప్పుడు మనకు వీసా అక్కర్లేదు. కానీ ఇద్దరు మగవాళ్లు థాయిలాండ్ పోతున్నామంటే ఊళ్లో చూసే చూపే వేరు, ఇంట్లో ఇంకా వేరు. మా అక్కా, మా ఆవిడా ఒకే మాట మీద నిలబడ్డ సందర్భం పెళ్లిళ్ల తర్వాత ఇదే. ఆ పేజీ మేం కొట్టేయలేదు, వాళ్లు కొట్టేశారు.

వియత్నాం టికెట్లు వెతుకుతుంటే ఒక సంగతి బయటపడింది. హైదరాబాద్ నుంచి హనోయ్‌కు ఒకే టికెట్‌గా తీసుకుంటే మాకు 31 వేల పైన చూపించింది. హైదరాబాద్–కౌలాలంపూర్ ఒక టికెట్, కౌలాలంపూర్–హనోయ్ ఇంకో టికెట్‌గా విడగొడితే రానూపోనూ 15,200 కలుపు 10,400, మొత్తం 25,600. మలేసియాకు మనకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటు 2026 డిసెంబరు 31 దాకా ఉంది. అంటే అయిదు వేలు మిగులుతాయి, ఇంకో దేశం చూసినట్టూ ఉంటుంది. దీని వెనక ఉన్న చిక్కు కింద చెప్తాను.

ఊళ్లో ఒక ట్రావెల్స్‌లో కూడా అడిగాం. వియత్నాం అయిదు రాత్రుల ప్యాకేజీ తలకు 68,000 అన్నారు, దాని మీద అప్పటి లెక్కన 5 శాతం టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్లు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) 3,400. ఈ టీసీఎస్ పోయే పైసలు కాదు, మన పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది. కానీ రిటర్న్ వేసే అలవాటు లేనివాళ్లకు అది పోయినట్టే లెక్క. టికెట్లూ రూములూ ఎవరికి వాళ్లు బుక్ చేసుకుంటే ప్యాకేజీ టీసీఎస్ ప్రశ్నే రాదు.

ఇంక కాగితాలు. నా పాస్‌పోర్ట్‌కు గడువుంది. బావమరిదిది 2026 ఏప్రిల్‌లో అయిపోతుంది. "ఇంకా నాలుగైదు నెలలుంది గద బావా" అన్నాడు. దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి, లేకపోతే శంషాబాద్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. ఆగస్టు 18న రీ-ఇష్యూ ఫారం నింపి 1,500 కట్టాం. మహబూబ్‌నగర్ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ కేంద్రంలో సెప్టెంబరు 9కి గానీ స్లాట్ దొరకలేదు. హైదరాబాద్‌లో ఇంకో వారం ముందు దొరికేది గానీ రానూపోనూ ఒక రోజు పోతుంది. వాడిది సర్కారు నౌకరీ, కాబట్టి పై ఆఫీసుకు ముందే తెలియజేసినట్టు ప్రయర్ ఇంటిమేషన్ లెటర్ జత చేయాలి. అది లేకుండా పోతే స్లాట్ పోయినట్టే. పాత పాస్‌పోర్ట్ మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్సుల మీద వాడే సంతకం పెట్టాలి. లోపల పని గంటన్నరలో అయింది. పోలీస్ వెరిఫికేషన్ వారానికి. సెప్టెంబరు 29న స్పీడ్ పోస్టులో వచ్చింది. ఫారం నింపిన రోజు నుంచి 42 రోజులు. అట్ట మీద కింద చిన్న చిప్ గుర్తు ఉంది, ఇప్పుడు వచ్చేవి ఈ-పాస్‌పోర్టులు.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (నౌకరీకి పోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలనే గుర్తు) అని పడుతుంది. మన జిల్లాలో దుబాయి, మస్కట్ పోయే ఇళ్లన్నిటికీ ఈ మాట తెలుసు. దాన్ని చూసి చుట్టపు చూపుగా పోవడానికి కూడా పనికిరాదనుకుంటారు. అది నౌకరీకి కొన్ని దేశాలు పోయేవాళ్లకే అడ్డం, టూరుకు కాదు.

సర్కారు నౌకరీవాళ్లకు పాస్‌పోర్ట్ ఉంటే అయిపోదు. దేశం దాటడానికి శాఖ అనుమతి వేరే కావాలి. సెప్టెంబరు 15న దరఖాస్తు పెట్టాడు. ఏ దేశం, ఏ తేదీలు, ఖర్చు ఎవరిది, ఎంత, అన్నీ రాయాలి. ఫైలు ఏ బల్ల మీద ఉందో కనుక్కోవడానికి మూడుసార్లు తిరిగాడు. అక్టోబరు 30న చేతికొచ్చింది, అంటే 45 రోజులు. మేం టికెట్లు అక్టోబరు 3న, 5న కొనేశాం, రెండూ వాపసు లేనివే. ఆ నాలుగు వారాలు ఫోన్ మోగితే చాలు ఇద్దరికీ గుండె గుబేలుమనేది. మళ్లీ పోతే అనుమతి చేతికొచ్చాకే టికెట్ కొంటాను. అయిదారు వేలు పెరిగినా సరే.

వియత్నాం ఈ-వీసా 25 డాలర్లు, ఒకసారి ప్రవేశానికి 90 రోజుల దాకా. కార్డు చార్జీలు కలిపి తలకు 2,310 పడింది. వాళ్ల సర్కారు సైటు అడ్రసు ‘గవ్ డాట్ విఎన్’ తో ముగుస్తుంది. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి ఎక్కువగా ఏజెంట్ల సైట్లు, చూడటానికి అచ్చం సర్కారీ సైటు లెక్కనే ఉంటాయి, అదే పనికి 60, 70 డాలర్లు లాగుతాయి. కట్టిన ఫీజు ఏ కారణంతోనూ తిరిగి రాదు.

నవంబరు 3, సోమవారం ఇద్దరివీ ఒకే టేబుల్ మీద కూర్చుని నింపాం. వాడిది 7న వచ్చేసింది. నాది 6న ‘సరిచేయండి’ అని ఆగింది. కారణం పాస్‌పోర్ట్ పేజీ ఫోటో. ఫోన్‌తో తీస్తే పైన ట్యూబ్‌లైట్ మెరుపు తెల్లటి చారలా అడ్డంగా పడింది. అది పడ్డది సరిగ్గా పేజీ అడుగున ఉండే రెండు వరుసల మీద. అక్షరాలు, అంకెలు, మధ్యలో బాణం ములుకుల్లాంటి గుర్తులు ఉంటాయే, అవే. మిషన్ చదివేది ఆ రెండు వరుసల్నే. మనకు ఫోటోలో మొహం, పేరు శుభ్రంగా కనబడుతుంటాయి కాబట్టి అనుమానం రాదు. పొద్దున పూట కిటికీ పక్కన, లైటు తీసేసి, పేజీని చదునుగా అదిమిపెట్టి తీస్తే సాఫ్‌గా వచ్చింది. మళ్లీ పంపితే 12న వచ్చింది. మూడు పనిదినాలు అని రాసి ఉంటుంది, పది రోజులు పెట్టుకుని చూసుకోవాలి. ఇంకొకటి: ఏ విమానాశ్రయంలో దిగుతారో ఫారంలోనే ఎంచుకోవాలి, మొదట హనోయ్ అని పెట్టి తర్వాత మనసు మార్చుకోవద్దు. పేర్లలో ఇంటిపేరు గడి, సొంతపేరు గడి పాస్‌పోర్ట్‌లో ఎట్లుంటే అట్లే నింపాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలు. టికెట్, వీసా రెండూ పాస్‌పోర్ట్ ప్రకారమే.

హనోయ్‌లోనే ఎందుకు దిగామంటే, మొదట అనుకున్నది నడిమి భాగంలోని దానాంగ్, హోయాన్. వియత్నాం సన్నగా పొడుగ్గా ఉండే దేశం, మూడు చోట్ల మూడు వాతావరణాలు. నడిమి భాగంలో అక్టోబరు, నవంబరు అంటే వరదలు. 2025 అక్టోబరు చివర హ్యూ, హోయాన్ ఊళ్లకు ఊళ్లే మునిగాయి. అదే సమయంలో ఉత్తరాన, హనోయ్ వైపు పొడిగా, చల్లగా ఉంటుంది. ఒకే దేశమైనా పటంలో ఎక్కడికి పోతున్నామో చూసి నెల చూడాలి.

పైసలు. డాంగ్ నోట్లు ఇక్కడ దొరకవు, వెతకడం దండుగ. నవంబరు 20న హైదరాబాద్‌లో 400 డాలర్లు తీసుకున్నాం, పాన్, పాస్‌పోర్ట్, టికెట్ చూపించి. వంద డాలర్ల నోట్లే అడగండి, చిన్న నోట్లకు అక్కడ రేటు తక్కువిస్తారు. నోటు మీద పెన్ను గీతగానీ, చిరుగుగానీ ఉంటే తీసుకోరు, కౌంటర్ దగ్గరే ఒక్కొక్కటి తిప్పి చూసుకోవాలి. మన డెబిట్ కార్డులో అంతర్జాతీయ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. ఇక్కడుండగానే బ్యాంకు యాప్‌లో దాన్ని తెరవాలి. అక్కడ బండి పిలుచుకునే గ్రాబ్ యాప్‌కు కార్డు కలిపేటప్పుడు ఓటీపీ వస్తుంది, అది కూడా ఇక్కడే కానిచ్చుకోవాలి. ఫోన్‌పే అలవాటైన చేతికి అక్కడ మొదటి రెండు రోజులు ఏం తోచదు.

మలేసియా రాక కార్డు ఆన్‌లైన్‌లో దిగే రోజుకు మూడు రోజుల లోపు నింపాలి, ఉచితం. మేం 25న నింపాం. ముందే నింపుదామంటే తీసుకోదు.

విమానం 28వ తేదీ అర్ధరాత్రి 12:40కి. అంటే 27 రాత్రి తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండాలి. ఈ తేదీ చూసి 28 రాత్రి తీరిగ్గా వచ్చేవాళ్లు ఉంటారని కౌంటర్ అమ్మాయే చెప్పింది. పాలమూరువాళ్లకు ఒక సుఖం ఉంది: విమానాశ్రయం హైదరాబాద్‌కు ఇటువైపే. ఊళ్లో ట్రాఫిక్ లేదు, జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే శంషాబాద్. ఆర్టీసీ బస్సులో శంషాబాద్ బస్టాప్‌లో దిగి అక్కడ్నుంచి ఆటో. రానూపోనూ తలకు 600లో అయిపోయింది.

బ్యాగుల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. టికెట్‌లో చేతి బ్యాగుకు 7 కిలోలే. ఇంట్లో కాటా మీద నాది 6.8, వాడిది 7.1. బయల్దేరేముందు అత్తమ్మ సకినాలు, మురుకులు, కరివేపాకు పొడి, అల్లం పచ్చడి పెట్టింది. కౌంటర్‌లో వాడి బ్యాగు 9.4 తూగింది. అక్కడికక్కడ బ్యాగు చెక్-ఇన్ చేయాలంటే 3,900. ఇదే ముందు రోజు ఆన్‌లైన్‌లో అయితే సగానికి కొంచెం ఎక్కువ. ఖాళీ చేసే టైమ్ లేక కట్టేశాం, తలకు 1,950. పచ్చడి డబ్బా ఇంకా నా చేతి బ్యాగులోనే ఉంది. సెక్యూరిటీలో తీసి పక్కన పెట్టారు: నూనె పచ్చడి ద్రవం కిందికే వస్తుంది, చేతి బ్యాగులో పోదు. పొడులకు ఏమీ అనలేదు. ఎండుకొబ్బరి పెట్టకండి, చెక్-ఇన్‌లో నిషేధం. పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి.

ఇమిగ్రేషన్‌లో నాకు రెండు ప్రశ్నలు, బావమరిదికి ఏడెనిమిది. వయసు తక్కువ, మొదటి ప్రయాణం, పోయేది వియత్నాం. నౌకరీ పేరుతో మన పిల్లల్ని అటువైపు దేశాలకు తీసుకుపోయి సైబర్ మోసాల్లో కూర్చోబెడుతున్నారు కాబట్టి అడుగుతారు, అడగాలి కూడా. శాఖ అనుమతి పత్రం, వాపసు టికెట్, ప్రతి రాత్రికీ రూము బుకింగు కాగితాల మీద చూపించాడు. ఫోన్‌లో వెతుక్కుంటూ నిలబడ్డ పక్క లైను అబ్బాయిని లోపలికి పిలుచుకుపోయారు.

విడి టికెట్ల చిక్కు ఇదీ. మొదటి విమానం లేటై రెండోది పోతే ఎవరికీ బాధ్యత లేదు, రెండోది కొత్తగా కొనుక్కోవాల్సిందే. మధ్యలో దిగి, ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. రెండు విమానాలూ ఒకే టెర్మినల్ నుంచా అన్నది కొనేముందే చూడాలి. కౌలాలంపూర్‌లో రెండున్నాయి. మేం అటొక రాత్రి, ఇటొక రాత్రి కౌలాలంపూర్‌లో ఉండేటట్టు పెట్టుకున్నాం. అది ముందుచూపు అనుకోకండి, బాటు గుహలు చూద్దామని పెట్టుకున్నది. నవంబరు 8న హనోయ్ విమానం వేళ అయిదు గంటలు ముందుకు జరిపినట్టు మెయిల్ వచ్చింది, అదీ స్పామ్‌లో. గ్యాప్ లేకపోతే ఆ టికెట్ గల్లంతయ్యేది. టికెట్ కొన్న రోజు నుంచి స్పామ్ ఫోల్డర్ రెండు రోజులకోసారి తెరవండి.

కౌలాలంపూర్ సంగతి తొందరగా చెప్పేస్తాను. మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందు. విమానాశ్రయం నుంచి సెంట్రల్‌కు రైలైతే 55 రింగిట్లు, బస్సైతే 15. రింగిట్ మాకు 21 రూపాయల అరవై పైసలు పడింది కాబట్టి బస్సే ఎక్కాం. సెంట్రల్ పక్కనే బ్రిక్‌ఫీల్డ్స్, అరటాకు భోజనం, రోటీ చనాయ్, పొగలు కక్కే తే తారిక్ అనే పాల టీ. లోకల్ రైల్లో రెండు మూడు రింగిట్లకే బాటు గుహలు, 272 మెట్లు, కింద నలభై మీటర్ల పైన ఎత్తున్న మురుగన్ విగ్రహం. రెండు రాత్రులకు రూము, తిండి, తిరుగుడు అన్నీ కలిపి తలకు 4,500.

హనోయ్‌లో 29 మధ్యాహ్నం దిగాం. 86 నంబరు బస్సు పాత బస్తీ దాకా 45,000 డాంగ్. వినడానికి భయం, రూపాయల్లో 150. వెయ్యి డాంగ్ అంటే మేం పోయినప్పుడు సుమారు 3 రూపాయల 40 పైసలు. మూడు సున్నాలు కొట్టేసి మూడున్నరతో గుణిస్తే చాలు, కాస్త ఎక్కువే వస్తుంది, అది మంచిదే. దుకాణాల్లో వాళ్లే ‘యాభై’ అంటారు, అంటే యాభై వేలు.

నోట్ల దగ్గర జాగ్రత్త. అన్నిటి మీదా హో చి మిన్ బొమ్మే, పది వేలు, ఆపైన నోట్లన్నీ ప్లాస్టిక్కే. ఇరవై వేల నోటు నీలం. అయిదు లక్షల నోటూ నీలమే, కొంచెం ఆకుపచ్చ కలిసిన నీలం. పగటి వెలుగులో పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, సాయంత్రం బండి దగ్గర బల్బు కింద తెలియదు. మొదటిది 68 రూపాయలు, రెండోది 1,695. రెండో రోజు రాత్రి బాన్ మీ (వాళ్ల బ్రెడ్ శాండ్‌విచ్) బండి దగ్గర బావమరిది చేసిన పని అదే. ఆ పెద్దమ్మ నోటు అందుకుని, వాడి మొహం చూసి, నోటును లైటుకు పట్టి చూపించి, నవ్వి వాపసు ఇచ్చింది. "బావా, గిది అయిదు లచ్చలదే" అని అక్కడే నిలబడిపోయాడు. ఆ తర్వాత లక్షల నోట్లు అంగీ జేబులో, వేల నోట్లు ప్యాంటు జేబులో పెట్టుకున్నాం. పది వేలు, రెండు లక్షలు కూడా ఇట్లాగే గోధుమ ఛాయల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి.

తిండికి నాలుగు మాటలు చాలు. ‘బో’ అంటే గొడ్డు మాంసం, ‘గా’ అంటే కోడి, ‘లొన్’ అంటే పంది. ‘ఫో’ అంటే నూడుల్స్ సూపు; ‘ఫో బో’ వద్దనుకునేవాళ్లు ‘ఫో గా’ అనాలి. నాలుగోది మనల్ని బోల్తా కొట్టిస్తుంది. బోర్డు మీద ‘చాయ్’ అని చదివి తెల్లారి టీ తాగుదామని లోపలికి పోయాం. అన్నం, టోఫు, ఆకుకూరలు పెట్టారు. చాయ్ అంటే వాళ్ల దగ్గర శాకాహారం. శుక్రవారాలు, శనివారాలు పట్టేవాళ్లు ఆ బోర్డు చూసి పోవచ్చు. మిగతా చోట్ల కూరగాయల వంటలోనూ చేపల సాస్ పడుతుంది, వాసనతోనే తెలుస్తుంది. ఫో గిన్నె 50 నుంచి 60 వేల డాంగ్, బాన్ మీ 25, 30 వేలు, గుడ్డు కాఫీ 40 వేలు. మూడు పూటలా తిని, రెండు కాఫీలు తాగితే రోజుకు 750 రూపాయలు. రూము సగటున 1,350, ఇద్దరికి. డాలర్లు బ్యాంకులో మార్చాం. ఏటీఎంలో ఒక్కసారికి 20 లక్షల డాంగ్ దాటనివ్వలేదు, ప్రతిసారీ చార్జీ. తీస్తే నిండుగా తీయాలి.

డిసెంబరు 1న హనోయ్ నుంచి నిన్ బిన్ అనే ఊరికి వ్యాన్‌లో పోయాం, రెండు గంటలు. అక్కడి చాంగ్ ఆన్ గుహల్లో పడవ తలకు 2.5 లక్షల డాంగ్, 845 రూపాయలు, మూడు గంటల దాకా. పడవకు నలుగురు. ఇద్దరమే పోతే ఇంకో ఇద్దరు వచ్చేదాకా ఆపుతారు, ముప్పావు గంట ఆగాం. పొద్దున ఎనిమిదికి ముందు పోతే గుంపు ఉండదు గానీ జత కలిసేవాళ్లూ ఉండరు. టికెట్ కొనేటప్పుడే ఒకటి, రెండు, మూడు రూట్లలో ఏదో చెప్పాలి. ఒకటో రూట్‌లో గుహలు ఎక్కువ. లోపల సున్నపురాయి కప్పు ఎంత కిందికంటే గడ్డం మోకాళ్లకు ఆనించి వంగాలి. తెడ్డు వేసే ఆవిడ చీకట్లో రాయి తగిలే చోటికి ముందే పడవ అంచును టకటకా కొట్టి చెప్తుంది. దిగేటప్పుడు 50 వేలు ఇచ్చాం. పొద్దున పడవలో చలి బాగానే ఉంది. పల్చటి స్వెటర్లు అక్కడ పనికొచ్చాయి.

వీడియోల్లో చూపించే బంగారు రంగు వరి మే చివర, జూన్ సంగతి. డిసెంబరులో మడులన్నీ ఖాళీ, నీళ్లు. వరి చూడాలంటే మా జిల్లాలోని కోయిల్‌సాగర్ కాలువ కిందికి పోతే సరిపోయేదని బావమరిది మూడు రోజులు దెప్పాడు.

స్కూటీ అద్దెకు రోజుకు 500 రూపాయలే, ఎవరూ లైసెన్సు అడగరు కూడా. తీసుకోలేదు. మన దగ్గర ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 ఒప్పందం కిందిది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కిందిది. అంటే అక్కడ మనది లైసెన్సు లేనట్టే. 2025 జనవరి నుంచి జరిమానాలు పెంచారు, చిన్న బండికే 20 నుంచి 40 లక్షల డాంగ్. దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు కూడా చేతులెత్తేస్తుంది. సైకిల్ తొక్కాం. హాలాంగ్ అఖాతం పోలేదు. ఒక్క రోజు టూరుకు తలకు మూడున్నర, నాలుగు వేలు, అందులో ఎక్కువ సేపు బస్సులోనే.

వియత్నాంలో ఆరు రాత్రులకు అన్నీ కలిపి తలకు 14,885. రాత్రికి 2,480. కౌలాలంపూర్‌లో రాత్రికి 2,250 పడింది. అవును, వియత్నాం చవక అని పోయి మలేసియా కంటే ఎక్కువే పెట్టాం. వియత్నాంలో టికెట్ కొని చూసినవి ఎక్కువ, కౌలాలంపూర్‌లో మెట్లెక్కడానికి ఎవరూ పైసలు తీసుకోలేదు. రూమూ తిండీ వరకే చూస్తే వియత్నాం రోజుకు మూడు నాలుగు వందలు తక్కువ, అంతే. ఒట్టి చవకే కావాలనుకునేవాళ్లు మలేసియా ఒక్కటే పెట్టుకుంటే వీసా, రెండో టికెట్ రెండూ తప్పి 12,710 మిగిలేవి.

తిరుగు ప్రయాణంలో బ్యాగులు 6.5, 6.9. సకినాలన్నీ అయిపోయాయి.